టైల్స్ పరీక్షకు సాక్సఫోన్

హిల్కా వూరెన్‌పా చేతికి సాక్సఫోన్ వచ్చింది చీటీల్లో. అంతకుముందు పన్నెండేళ్లపాటు హౌకిపెరా ఊరి కాగితం మిల్లు బ్యాండుమేళానికి ఆవిడ కాఫీ కాచింది. ప్రతి సోమవారం సాయంత్రం ఇరవై మంది మగవాళ్లు హాల్లో బూరలు ఊదుతుంటే, ఆవిడ పక్క వంటగదిలో స్టవ్ ముందు నిలబడి కాలితో తాళం వేస్తూ యాలకుల బన్నులు పళ్లెంలో సర్దేది. 1977లో మిల్లు వాళ్లు బ్యాండును ఎత్తేశారు. వాయిద్యాలు మీలో మీరే పంచుకోండి అన్నారు. పేర్లు ఒక టోపీలో, వస్తువులు ఇంకో టోపీలో వేశారు. ఎవరికో మర్యాద గుర్తొచ్చి హిల్కా పేరు కూడా రాసి వేశారు. కాఫీ కెటిల్ కూడా బ్యాండు ఆస్తే కాబట్టి దాని చీటీ కూడా పడింది.

హిల్కాకు టెనర్ సాక్సఫోన్ వచ్చింది. ఇరవై రెండేళ్లుగా దాన్ని వాయించిన ఆర్వో కెత్తునెన్‌కు కాఫీ కెటిల్ వచ్చింది.

 హిల్కా మొహం కందగడ్డలా అయింది.

"ఆర్వో గారూ, మార్చుకుందామండీ. నాకెందుకిది?"

"చీటీ అంటే చీటీయేనమ్మా," అన్నాడు ఆర్వో. "పడ్డాక మార్చుకుంటే ఇక చీటీలెయ్యడం ఎందుకు?"

కెటిల్‌ను చంకలో ఇరికించుకుని, సైకిలెక్కి, వెనక్కి చూడకుండా వెళ్లిపోయాడు.

అప్పటికి హిల్కాకు నలభై ఎనిమిదేళ్లు. పెళ్లి చేసుకోలేదు. మున్సిపాలిటీ ఈతకొలనులో పంపులు, ఫిల్టర్లు, క్లోరిన్ చూసుకునే ఉద్యోగం. సాక్సఫోన్‌ను వారం రోజులు బట్టల బీరువా మీద పెట్టింది. ఎనిమిదో రోజు దించి ఊదింది. దూడ తప్పిపోయిన ఆవు అరిచినట్టు ఒక అరుపు వచ్చింది. ఆవిడకే భయం వేసి దాని మూతికి దిండు గలీబు కట్టింది.

కానీ వదల్లేదు. గ్రంథాలయం నుంచి ఒక పుస్తకం తెచ్చుకుని నేర్చుకుంది. వేళ్లు చురుగ్గా కదిలేవి కావు. ముప్పై ఏళ్లు పైపుల మరలు తిప్పిన వేళ్లు అవి. అందుకని చకచకా సాగే పాటలు ఆవిడకు పట్టుబడలేదు. కానీ ఊపిరి మాత్రం అపారం. చిన్నప్పుడు సరస్సులో మునిగి ఒక్క ఊపిరితో పడవ కింద నుంచి అటు తేలిన మనిషి. ఒక స్వరం పట్టుకుందంటే పక్కవాళ్లు కాఫీ తాగి కప్పు కడిగి పెట్టేంత సేపు నిలబెట్టేది.

ఆ పక్కవాళ్లతోనే వచ్చింది చిక్కు. కింది వాటాలో ఉండే సైమి తొల్వానెన్ ఒకరోజు తలుపు కొట్టింది.

"హిల్కా, ఏమైనా అనుకో, చెప్పేస్తున్నా. మా పిల్లి ఓవెన్లో దూరి బయటికి రావట్లేదు. నిన్న చేప కూర అందులోనే వండాల్సింది. వండలేదు. ఇవాళా వండలేదు."

"మెల్లగానే ఊదుతున్నా సైమీ."

"అదే తల్లీ బాధ. గట్టిగా ఊదితే అయిపోతుందనుకోవచ్చు. నువ్వూదేది అవదు."

భవనం కమిటీ సమావేశమైంది. రెండు గంటలు చర్చించి, బుధవారాల్లో మధ్యాహ్నం మూడు నుంచి మూడూ ఇరవై దాకా గాలివాయిద్యం వాయించుకోవచ్చని తీర్మానం చేసి మెట్ల దగ్గర అంటించారు. బుధవారం మూడింటికి హిల్కా ఫిల్టర్లు కడుగుతూ ఉంటుంది. ఆ సంగతి కమిటీలో అందరికీ తెలుసు.

మరుసటి ఏడాది జూలై వచ్చింది. ఏటా జూలైలో ఈతకొలను మూసేసి, నీళ్లు వదిలేసి, మరమ్మతులు చేస్తారు. ఆ నెలంతా ఆ పెద్ద భవనంలో హిల్కా ఒక్కతే. మొదటి మంగళవారం పొద్దున సాక్సఫోన్ వెంట తెచ్చుకుంది. ఖాళీ కొలనులోకి నిచ్చెన దిగి, వాలుగా ఉన్న నేల మీద నడిచి, లోతు వైపు చివరకు వెళ్లింది. సౌనా అనే ఆవిరిస్నానాల గదిలోంచి తెచ్చిన పొట్టి పీట వేసుకుని కూర్చుని ఒక స్వరం ఊదింది.

అది గోడకు తగిలి తిరిగొచ్చింది. పైకప్పుకు వెళ్లి అక్కడ కాసేపు తిరిగి, దిగి వచ్చింది. ఆవిడ ఊదడం ఆపిన తర్వాత కూడా అది ఆగలేదు. గోడ గడియారం చూసుకుంటే తొమ్మిది సెకన్లు. ఇంట్లో ఆవులా అరిచిన వస్తువు ఇక్కడ ఇంకేదో అయిపోయింది. హిల్కా చుట్టూ చూసి, ఎవరూ లేరని రూఢి చేసుకుని, గట్టిగా నవ్వింది. ఆ నవ్వు కూడా తొమ్మిది సెకన్లు వినపడింది.

నాలుగో రోజు రైమో సర్కిలహతి వచ్చాడు. బేకరీ బండి నడిపే ముప్పై ఏళ్ల మనిషి, భుజాల దాకా జుట్టు. కొలను క్యాంటీన్‌లో ఉండిపోయిన ఖాళీ రొట్టె ట్రేలు తీసుకుపోదామని వచ్చి, ఆ మోత విని, ట్రేలు కింద పెట్టి, నీళ్లలోకి దూకే బల్ల మీదికెక్కి బోర్లా పడుకుని కిందికి చూశాడు. హిల్కా కళ్లు తెరిచేసరికి పైన ఒక గడ్డం వేలాడుతోంది.

"ఏం చేస్తున్నారండీ?" అని గడ్డం అడిగింది.

హిల్కా సాక్సఫోన్‌ను ఒళ్లో దాచుకోబోయింది. "టైల్స్ పరీక్ష చేస్తున్నా," అంది.

"ఆహా. ఎట్లా ఉన్నాయి?"

"మూడు వదులైనాయి."

అది అబద్ధం కాదు. కొన్ని స్వరాలకు ఎడమ గోడలో మూడు టైల్స్ జివ్వుమంటున్నాయని ఆవిడ రెండోరోజే కనిపెట్టింది. వెనక సిమెంటు ఊడి బోలుగా ఉన్న టైల్‌ను వేలితో తడితే ధ్వని తేడాగా వస్తుంది. సాక్సఫోన్‌తో తట్టక్కర్లేకుండానే తెలుస్తోంది.

రైమో కిందికి దిగొచ్చి పీట ముందు చతికిలపడ్డాడు. తనకో సంగీత బృందం ఉందన్నాడు. ముగ్గురే. తను గిటారు, ఓస్సి ఆర్గను, ఇల్పో డ్రమ్స్. రెండేళ్లుగా ఒక ఆల్బమ్ చేస్తున్నారు. హౌకిపెరా బస్టాండులో బయల్దేరి శనిగ్రహం దాటి అవతలికి వెళ్లే ప్రయాణం. మాటలు ఉండవు, అంతా వాయిద్యాలే. వింటున్నవాడికి ఒళ్లు తేలిపోయి, కుర్చీలో ఉన్నాడో ఆకాశంలో ఉన్నాడో తెలియకూడదు.

"పాటలెందుకు లేవు?" అంది హిల్కా.

"మొదట్లో గాయకుడుండేవాడండీ. ఏ గ్రహానికి తీసుకెళ్లినా అక్కడికి వాడి లవర్ వచ్చేసేది. పంపించేశాం."

"మరి నాతో ఏం పని?"

"శని దాటాక ఏమీ ఉండదు కదండీ. ఆ ఏమీ లేకపోవడాన్ని గిటారుతో వాయిద్దామని ఏడాది నుంచి చస్తున్నాం. రావట్లా. మీరిప్పుడు ఊదారే, అది అక్కడికి వెళ్లొచ్చినట్టుంది."

"నేను తంపెరే ఊరు దాటి ఎక్కడికీ వెళ్లలేదయ్యా."

"అందుకే అంత బాగుంది," అన్నాడు రైమో మహా శ్రద్ధగా.

అనుమతి లేకుండా ఏ పనీ చేసే అలవాటు హిల్కాకు లేదు. మున్సిపాలిటీ క్రీడల కార్యదర్శి హైస్కరి దగ్గరికి వెళ్లింది. ఆయన సెలవు మీద వెళ్లే తొందరలో, కాగితాల మీద కాగితాలు సంతకం చేస్తున్నాడు. ఆవిడ దరఖాస్తు చదివాడు: "ఖాళీ కొలనులో టైల్స్ ధ్వని పరీక్ష. వ్యవధి మూడు వారాలు. బయటి సహాయకులు నలుగురు. విద్యుత్ పరికరాలు వాడబడును."

"ఇది తప్పనిసరా?" అన్నాడు.

హిల్కా కాస్త ఆలోచించింది. "తప్పనిసరే," అంది.

అంత గట్టిగా ఆవిడ ఆఫీసులో ఎన్నడూ మాట్లాడలేదు. హైస్కరి సంతకం పెట్టి, రెండు చోట్ల ముద్ర వేశాడు.

నాలుగో సహాయకుడు కలెర్వో. స్కూల్లో జీవశాస్త్రం పంతులు. తీరిక దొరికితే అడవిలో పక్షుల కూతలు రికార్డు చేస్తాడు. బ్యాటరీలతో నడిచే మంచి టేపు రికార్డరు ఆ చుట్టుపక్కల ఆయన ఒక్కడి దగ్గరే ఉంది. కొలను గట్టు మీద మడత కుర్చీ వేసుకుని, ఆకుపచ్చ టోపీ పెట్టుకుని కూర్చునేవాడు. ఎవరైనా దగ్గితే డొంకలో పక్షి ఎగిరిపోయినట్టు చూసేవాడు.

గిటారు, ఆర్గను, డ్రమ్స్ లోతు తక్కువ వైపు. సాక్సఫోన్ లోతు వైపు, ఇరవై అయిదు మీటర్ల దూరంలో. రైమో అక్కడి నుంచి అరిచి చెప్పేవాడు, ఆ అరుపు గోడలకు తిరిగి తిరిగి ఆవిడను చేరేసరికి ఏ మాటా మాటలా ఉండేది కాదు. చివరికి చేతి సైగలకు దిగారు.

మొదటి వారం హిల్కా ప్రతిచోటా ముందో వెనకో వచ్చేది.

"లెక్క తప్పుతున్నానయ్యా. ఎన్ని దరువులకు మొదలుపెట్టాలో చెప్పండి, రాసుకుంటా."

"అంతరిక్షంలో లెక్కేంటండీ!"

"లెక్క లేకపోతే నాకు కుదరదు. ఒక ఫిల్టరు కడగడానికి నాలుగు నిమిషాలు పడుతుంది. అది నాకు ఒంట్లోనే తెలుస్తుంది, గడియారం చూడక్కర్లా. అట్లాంటిదేదైనా చెప్పండి."

రైమో, ఓస్సి మొహామొహాలు చూసుకున్నారు. ఆ తర్వాత ఆల్బమ్ మొత్తం ఫిల్టర్ల లెక్కలోకి మారిపోయింది. భూమి నుంచి చంద్రుడి దాకా రెండు ఫిల్టర్లు. గురుగ్రహం పక్క నుంచి పోవడానికి మూడు. ఇల్పో ఏమీ అనలేదు. రెండేళ్లలో ఇల్పో నోరు తెరిచి మాట్లాడగా విన్నవాళ్లు లేరు. శ్మశానంలో గోతులు తవ్వే పని వాడిది. అక్కడ మాటలతో అవసరం పడదు.

మధ్యాహ్నాలు కొలను అడుగున కూర్చుని రై రొట్టె, సాసేజ్ తినేవాళ్లు, మజ్జిగ తాగేవాళ్లు. ఒకరోజు కాఫీ ఎవరు పెట్టాలన్న మాట వచ్చింది. అలవాటు కొద్దీ హిల్కా లేచింది.

"కూర్చోండి, కూర్చోండి," అన్నాడు ఓస్సి. "సాక్సఫోన్ వాయించేవాళ్లు కాఫీ పెట్టడమేంటి?"

వాడు పెట్టిన కాఫీ బురదలా ఉంది. హిల్కా రెండు కప్పులు తాగింది. "నన్నింక మీరు, అండీ అనకండయ్యా," అంది. "పేరు పెట్టి పిలవండి." అక్కడి రివాజు ప్రకారం ముగ్గురూ లేచి నిలబడ్డారు, రైమో, ఓస్సి కొత్తగా పరిచయమైనట్టు చెయ్యి కలిపి తమ పేర్లు చెప్పారు. ఇల్పో చెయ్యి మాత్రమే కలిపాడు.

ఆఖరి ఆదివారం వచ్చింది. మిగిలింది ఒక్కటే, శని దాటాక వచ్చే భాగం. ఆరు ఫిల్టర్లు, అంటే ఇరవై నాలుగు నిమిషాలు. ఆ రాత్రి రెండింటికి కొలను నిండటం మొదలవ్వాలి. నీటి వాల్వును తెరిచే పాత ముళ్ల గడియారం ఒకటి నేలమాళిగలో ఉంది. ఏటా హిల్కా సాయంత్రం ఇంటికెళ్లే ముందు దాన్ని రెండింటికి పెట్టి పోయేది. ఈసారి వాయించే హడావుడిలో మరిచిపోతానేమోనని పగలు పన్నెండున్నరకే పెట్టేసింది. ఆ గడియారానికి పగటి రెండూ, రాత్రి రెండూ ఒకటే.

మధ్యాహ్నం రెండింటికి పది నిమిషాల ముందు రికార్డింగు మొదలైంది. కలెర్వో చెయ్యి ఎత్తాడు. రైమో కళ్లు మూసుకుని గిటారు మీటాడు. ఆర్గను కింద నుంచి పొగలా లేచింది. హిల్కా రెండు ఫిల్టర్లు లెక్కపెట్టి తన స్వరం అందుకుంది.

అది చక్కగా పోతూ ఉండగా మడమలకు చల్లగా తగిలింది.

కిందికి చూసింది. అడుగున ఉన్న జాలీలోంచి నీళ్లు చప్పుడు లేకుండా ఉబుకుతున్నాయి. ఆవిడకు ఒక్క క్షణంలో అర్థమైపోయింది. లోతు తక్కువ వైపు గిటారుకు, ఆర్గనుకు కరెంటు తీగలు నేల మీదే పాకుతున్నాయి. ఊదుతూనే మోచేతిని గాలిలో ఆడించింది. రైమో కళ్లు తెరవలేదు. ఓస్సి చూసి, ఆవిడ పారవశ్యంలో ఊగుతోందనుకుని, తనూ ఊగాడు.

ఇల్పో చూశాడు. పుల్లలు పక్కన పెట్టాడు.

"నీళ్లు," అన్నాడు.

వాడు లేచి, నడుచుకుంటూ నిచ్చెనెక్కి, గట్టు మీద ఉన్న పెద్ద ప్లగ్గు పీకేశాడు. గిటారు చచ్చింది. ఆర్గను చచ్చింది. రైమో కళ్లు తెరిచి బూతు ఒకటి తిట్టబోయి, వాలులో అవతల మెరుస్తున్న నీటిని చూసి నోరు మూశాడు.

హిల్కా ఊదడం ఆపబోయింది. అప్పుడు గట్టు మీద కలెర్వో కనిపించాడు. ఆయన రికార్డరు బ్యాటరీలది, తిరుగుతూనే ఉంది. టోపీ తీసేసి, అరచెయ్యి కిందికి పెట్టి, మెల్లగా ఊపుతున్నాడు. కదలకు, భయపడకు అని. అరుదైన పక్షి కూస్తున్నప్పుడు వెంట వచ్చినవాళ్లకు ఆయన చేసే సైగ అది.

హిల్కా లెక్క వేసుకుంది. కరెంటు పోయింది కాబట్టి ప్రాణభయం లేదు. ఈ వాల్వు జోరుకి పావుగంటలో మోకాళ్ల దాకా వస్తాయి. పరిగెత్తి కట్టేయనూ వచ్చు. కట్టేయకపోయినా కొంపేం మునగదు, ఎలాగూ నిండాల్సిన కొలనే. ఇక్కడ అందరూ తన స్వరం కోసం ఊపిరి బిగపట్టి నిలబడ్డారు. జీవితంలో అలా ఎవరూ నిలబడింది లేదు. ఆవిడ కట్టేయడానికి వెళ్లలేదు.

పద్నాలుగు నిమిషాలు ఒక్కతే వాయించింది. నీళ్లు పెరిగేకొద్దీ ప్రతిధ్వని మారిపోయింది. తొమ్మిది సెకన్లది ఎనిమిదైంది, అంచులు వణకడం మొదలుపెట్టింది. గోడ తన మీదికి ఒరుగుతున్నట్టు, తను గోడలోంచి అవతలికి పోతున్నట్టు అనిపించింది. పిక్కలు చల్లబడి మొద్దుబారాయి. పీట జారబోతే కాళ్లతో గట్టిగా పట్టి ఆపింది. నీళ్లు సాక్సఫోన్ వంపును చేరాయి. ఆఖరి స్వరం అట్టడుగు స్వరం. అది మొదలై, నిలబడి, కింది మూతల్లోంచి నీళ్లు దూరి గుడగుడమని ఆగిపోయింది.

ఎవరూ చప్పట్లు కొట్టలేదు. కలెర్వో ఒక నిమిషం ఆగి, మీట నొక్కి, టోపీ పెట్టుకుని, "ఎగిరిపోయింది," అన్నాడు.

ఆల్బమ్‌కు పేరు కోసం ఎవరూ వెతకలేదు. అనుమతి పత్రం మీద ముద్రలతో సహా ఉంది: టైల్స్ ధ్వని పరీక్ష. అట్ట మీద ఆ పత్రాన్నే అచ్చేశారు. మూడు వందల రికార్డులు చేయిస్తే హౌకిపెరాలో పద్నాలుగు అమ్ముడుపోయాయి. అందులో ఒకటి సైమి తొల్వానెన్ కొంది. పిల్లి ఏ గదిలో ఉందో తెలియకపోతే పెడతానంది, వెంటనే ఓవెన్ దగ్గర దొరుకుతుందట. మిగతావి హెల్సింకీ వెళ్లాయి. అక్కడి ఒక సంగీత పత్రికలో విమర్శకుడు రాసింది రైమో బేకరీ బండిలో నిలబడి చదివి వినిపించాడు.

"'సాక్సఫోన్ విద్వాంసుడు పేరు మార్చుకున్న ఏ న్యూయార్క్ కళాకారుడో అయ్యుంటాడు.' విన్నావా హిల్కా! 'నీటిని తలపించే ఆ చివరి ధ్వనులు అత్యంత ఖరీదైన జర్మన్ యంత్రంతో పుట్టించినవని నిస్సందేహంగా చెప్పవచ్చు.'"

"జర్మన్‌ది కాదే," అంది హిల్కా ఇబ్బందిగా. "ఆ వాల్వు స్వీడన్‌ది."

ఆర్వో కెత్తునెన్ కూడా ఒకనాడు కొలనుకు వచ్చాడు. రికార్డు విన్నానన్నాడు. మూడో స్వరం కొంచెం పైకి పోయిందన్నాడు. కాసేపు బూట్లు చూసుకుని, "నేనైతే నీళ్లొచ్చినప్పుడే లేచి బయటపడేవాణ్ణి," అన్నాడు. హిల్కాకు పత్రికవాడి మాట కంటే ఆ మాటే ఎక్కువ రోజులు గుర్తుంది.

అసలు కథ ఇక్కడ అయిపోవాల్సింది. కానీ హైస్కరి సెలవు నుంచి వచ్చి, పరీక్ష నివేదిక అడిగాడు. హిల్కా ఉన్నది ఉన్నట్టు రాసి ఇచ్చింది: "మూడు టైల్స్ వదులుగా ఉన్నవి. మిగిలినవి బాగున్నవి. పరికరం: టెనర్ సాక్సఫోన్." ఆ మూడింటినీ పీకి చూస్తే వెనకాల చెయ్యి దూరేంత బోలు. హైస్కరి ఆ నివేదికను ఈతకొలనుల అధికారుల సమావేశంలో చదివాడు. ఎవరూ నవ్వలేదు. కొందరు రాసుకున్నారు.

వసంతంలో పక్క మున్సిపాలిటీ నుంచి ఉత్తరం వచ్చింది. మా కొలను కూడా పరీక్షించగలరా, పరికరం మీరే తెచ్చుకుంటారా అని. ఆ తర్వాత ఇంకోటి. రైమోకు ఇది అర్థం కావడానికి కాస్త సమయం పట్టింది.

"అంటే మనం దేశమంతా తిరిగి వాయించొచ్చు. సర్కారు పనిమీద!"

"వాయించడం కాదయ్యా, పరీక్ష. టైల్స్ నిజంగా చూడాలి," అంది హిల్కా. "చూడకపోతే నేను రాను."

నిజంగానే చూసింది. తొమ్మిది జూలైలు, ముప్పై ఒక్క కొలనులు. ఒక ఊళ్లో సి స్వరానికి గోడంతా బుయ్యిమంటే తవ్వి చూశారు, లోపల పైపు పగిలి ఉంది. ఆ ఊరివాళ్లు ఆవిడకు పొగబెట్టిన చేపల బుట్ట ఇచ్చి పంపారు. ఎక్కడికెళ్లినా మొదట ఆవిడ ఒంటరిగా నాలుగు ఫిల్టర్ల సేపు గోడల వెంట తిరిగి ఊది, సుద్దముక్కతో గుర్తులు పెట్టేది. ఆ తర్వాతే మిగతావాళ్లు గట్టు మీది నుంచి అందుకుని శనిగ్రహం దాకా వెళ్లేవాళ్లు. కరెంటు తీగలు మాత్రం గట్టు దాటి లోపలికి రానిచ్చేది కాదు.

ఉత్తరాన కెమిహార అనే ఊళ్లో, 1984లో, పరీక్ష చూడ్డానికి నూట పది మంది వచ్చారు. అక్కడి అధికారి చాలా నియమాల మనిషి. పరీక్ష జరిగే చోట రక్షణ లేకుండా ఎవరినీ నిలబడనివ్వనన్నాడు. అగ్నిమాపక కేంద్రం నుంచి, రంపం మిల్లు నుంచి హెల్మెట్లు తెప్పించి పంచాడు. నూట పది మందీ తువ్వాళ్లు పరుచుకుని కొలను అడుగున కూర్చుని, హెల్మెట్లు పెట్టుకుని, గంటన్నరసేపు కదలకుండా విన్నారు. ముందు వరసలో ఒక ముసలావిడ చెవులకు అడ్డొస్తోందని హెల్మెట్ తీసి ఒళ్లో పెట్టుకుంటే అధికారి వచ్చి మళ్లీ పెట్టించాడు.

అయిపోయాక ఆయన నోటుబుక్కు పట్టుకుని హిల్కా దగ్గరికి వచ్చాడు. కళ్లు తడిగా ఉన్నాయి. 

"ఫలితం చెప్పండి."

"కుడి గోడ, పై నుంచి నాలుగో వరస, రెండు," అంది హిల్కా.

ఆయన రాసుకుని, కింద గీత గీశాడు. "కచ్చితంగా తెలియాలంటే," అన్నాడు మెల్లగా, "ఇంకొకసారి పరీక్షించాలేమో కదండీ?"

హిల్కా గోడ గడియారం వైపు చూసింది. బస్సుకు రెండు ఫిల్టర్ల సమయం ఉంది. పీట మళ్లీ లాక్కుని కూర్చుంది.